పదహారు రూపాయల బాకీ

వృద్ధులకు, వితంతువులకు ఇచ్చే ఆసరా పింఛనును 2019లో తెలంగాణ ప్రభుత్వం 1,000 రూపాయల నుంచి 2,016 రూపాయలకు పెంచింది. దివ్యాంగుల పింఛను 2023లో 4,016 అయింది. చివర ఆ పదహారు ఎందుకు వచ్చిందో మనవాళ్లకు విప్పి చెప్పనక్కర్లేదు. పెళ్లిలో చదివింపులైనా, గుడిలో సంభావనైనా సున్నా దగ్గర ఆపకుండా నూట పదహార్లు, వెయ్యి నూట పదహార్లు అని ఇవ్వడం మన మర్యాద. కల్యాణలక్ష్మి సాయం 1,00,116 రూపాయలు కావడానికీ అదే కారణం. పుచ్చుకునేవాళ్లను చిన్నబుచ్చకూడదనే ఆ పదహారు. తీరా పంచే చోటికి వచ్చేసరికి రెండు వేలు చేతిలో పెట్టి, 'చిల్లర లేదవ్వా, వచ్చే నెల చూద్దాం' అని పంపేయడం తెలంగాణ పల్లెల్లో పాతబడిన ఫిర్యాదు. వచ్చే నెలా అదే మాట. ఆ పై నెలా అదే మాట. మర్యాద కోసం కలిపిన పదహారే ముందుగా మాయమవుతోంది.

లెక్క వేద్దాం. నెలకు 16 అంటే ఏడాదికి 192 రూపాయలు. నూరుమంది పింఛనుదారులున్న ఊళ్లో అందరికీ ఇలాగే జరిగితే నెలకు 1,600, ఏడాదికి 19,200. దొంగతనమని ఎవరూ కేసు పెట్టరు. ముసలమ్మ పదహారు రూపాయల కోసం మండలాఫీసు మెట్లెక్కదు. ఎక్కాలంటే ఆటో కిరాయే అంతకంటే ఎక్కువ. ఈ సంగతి ఇచ్చేవాళ్లకు తెలుసు, తీసుకునేవాళ్లకూ తెలుసు. అందుకే ఈ నష్టం ఏ ఫైలులోకీ ఎక్కకుండా ఏళ్ల తరబడి సాగుతోంది.

ఈ పత్రిక తీర్పు ముందే చెబుతున్నాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో చిల్లర నాణేలు చేతులు మారడం ఆగిపోవడం కాలమహిమ కాదు. అది అధికారుల, బ్యాంకుల నిర్లక్ష్యం. 'చిల్లర లేదు' అన్న మాటకు నేడు ఒక ధర ఉంది. ఆ ధరను ప్రతిసారీ కట్టేది అతి తక్కువ ఉన్నవాళ్లే. నాణెం లేకపోవడం కంటే, లేని నాణెం భారం ఎప్పుడూ ఒకే వైపు ఒరగడం పెద్ద నేరం. దీన్ని ఇకనైనా ఆపాలి.

చాలావరకు పాత వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న విడివడ్డ ఈ మూడు జిల్లాల బతుకు చిన్న మొత్తాల బతుకు. జనగామ మార్కెట్ యార్డుకు వడ్లు, పత్తి తెచ్చిన రైతు చేతికి పెద్ద నోట్లు రావచ్చు. కానీ అతను తాగే చాయ్, ఎక్కే ఆటో, ఇంటికి కట్టించుకుపోయే మిర్చీలు చిల్లర బేరాలే. మానుకోట (మహబూబాబాద్) తండాల నుంచి మిరప తోటల్లో కాయలు ఏరడానికి వెళ్లే ఆడవాళ్లు ఉప్పు, చింతపండు, సబ్బు వారానికి ఒకసారి అంగట్లో కొంటారు. భూపాలపల్లిలో సింగరేణి కేటీకే గనుల్లో షిఫ్టు దిగిన కాంట్రాక్టు కార్మికుడికీ, అక్కడి నుంచి కాళేశ్వరం దాకా అడవి అంచున ఉన్న పల్లెలకూ రోజువారీ ఖర్చంటే పది, ఇరవై, ముప్పై రూపాయల ఖర్చే. ఇలాంటి చోట ఒక్క రూపాయి, రెండు రూపాయల తేడా గాలికి పోయేది కాదు. అది పూట కూరలో పడే ఉల్లిగడ్డ.

మన అంగళ్లలో 'కొసరు' అనే మంచి మాట ఒకటుంది. కిలో వంకాయ తూచాక ఇంకో రెండు కాయలు వేయడం, కొత్తిమీర కట్టతో పాటు నాలుగు పచ్చిమిరపకాయలు పెట్టడం కొసరు. కొన్నవాళ్లు మళ్లీ రావాలని అమ్మేవాళ్లు ఇష్టంగా ఇచ్చేది. చిల్లర కరువు ఆ కొసరును తలకిందులు చేసింది. ఇప్పుడు 47 అయిన బిల్లుకు యాభై ఇచ్చి మూడు రూపాయలు అక్కడే వదిలేసి వస్తున్నాం. మందుల దుకాణంలో రెండు రూపాయలకు బదులు రెండు చాక్లెట్లు చేతిలో పెడుతున్నారు. చక్కెర వ్యాధికి మాత్రలు కొనుక్కున్న మనిషికీ ఆ చాక్లెట్లే. ఆ చాక్లెట్ తిరిగి ఇచ్చి మాత్రలు కొనబోతే అదే దుకాణం తీసుకోదు. ఒక వైపే చెల్లేది డబ్బు ఎలా అవుతుంది? కొసరు ఇచ్చే చేయి తీసుకునే చేయిగా మారింది. అడిగినవాళ్లది చిన్నబుద్ధి అన్నట్టు చూస్తున్నారు కూడా.

ఇది ఈ దశకు ఎలా వచ్చిందో గుర్తు చేసుకోవాలి. తెలంగాణలో డబ్బంటే పైసలే. 'పైసలున్నయా' అనే అడుగుతాం. చారాణా, ఆఠాణా, బారాణా అన్న మాటలు మన నోట ఇంకా బతికే ఉన్నాయి. చారాణా కోడికి బారాణా మసాలా అన్న సామెత అర్థం పిల్లలకూ తెలుసు. ఆ చారాణా, అంటే 25 పైసల బిళ్ల, అంతకంటే చిన్నవాటితో కలిసి 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయింది. అది ప్రభుత్వం చెప్పి చేసిన రద్దు. ఆఠాణా సంగతి వేరు. 50 పైసల నాణెం నేటికీ చట్టబద్ధం. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం పది రూపాయల దాకా చెల్లింపులకు దాన్ని వాడొచ్చు. కానీ మూడు జిల్లాల్లో ఏ కిరాణం దుకాణంలోనైనా అది ఇచ్చి చూడండి. చట్టం చంపని నాణేన్ని వాడుక చంపేసింది, ఏ అధికారీ అడ్డుపడలేదు. ఇప్పుడు వంతు రూపాయికి, రెండు రూపాయలకు వచ్చింది. అదే దారిలో అవీ పోతున్నాయి. అదే చట్టం ప్రకారం రూపాయి, ఆపై నాణేలు వెయ్యి రూపాయల దాకా చెల్లుతాయి. చట్టం పుస్తకంలో ఉంది, నాణెం గల్లాపెట్టెలో లేదు.

నాణేలు మార్చేటప్పుడు సామాన్యుడు నష్టపోకుండా చూడటం ఈ దేశానికి చేతకాని పని కాదు. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. పదహారు అణాల రూపాయి నూరు పైసల రూపాయి అయితే అణాకు ఆరుంపావు పైసలు రావాలి. పావు పైసా నాణెం లేదు. అప్పుడు ప్రభుత్వం ఎవరి ఇష్టానికి వాళ్లను వదిలేయలేదు. పట్టిక అచ్చువేసి పంచింది. అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని తేల్చింది. పన్నెండున్నర రావాల్సిన చోట పదమూడుకు ఎక్కించకుండా పన్నెండు దగ్గరే ఆపింది. అరపైసా తేడాను కూడా కొనేవాడి వైపు వదిలిన పాలన అది. 2011లో చారాణా తీసేసినప్పుడు అలాంటి పట్టిక వీధి దుకాణానికి చేరలేదు. సర్దుబాటు ఎటు జరగాలో చెప్పకపోతే, అది బలమున్నవాడి వైపే జరుగుతుంది.

ధరల మీద దీని దెబ్బ ఎలా పడుతుందో సూటిగా చూద్దాం. చలామణిలో ఉన్న అతి చిన్న నాణెమే ధరలకు మెట్టు. రూపాయి తిరుగుతున్నప్పుడు ధర రూపాయి చొప్పున ఎక్కుతుంది. రూపాయి, రెండు పోయి ఐదే మిగిలితే ఐదు చొప్పున ఎక్కుతుంది. పాలు, చక్కెర, గ్యాస్ కలిపి కప్పు చాయ్‌కి ఖర్చు రూపాయి పెరిగిందనుకోండి. పది రూపాయల చాయ్‌ని పదకొండు చేసే వీలు ఆ దుకాణదారుకు లేదు. పదిహేనుకు ఎక్కిస్తాడు. ఖర్చు రూపాయి పెరిగితే ధర ఐదు పెరిగింది. ఇక్కడే అసలు అన్యాయం ఉంది. వంద రూపాయల వస్తువు మీద ఐదు పెరిగితే ఐదు శాతం. పది రూపాయల వస్తువు మీద అదే ఐదు పెరిగితే యాభై శాతం. ఐదు రూపాయల వస్తువు మీద నూరు శాతం. వస్తువు ఎంత చౌకదైతే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. చౌక వస్తువులు ఎవరు కొంటారో చెప్పాలా? ప్రభుత్వం నెలనెలా చెప్పే ద్రవ్యోల్బణం సగటు లెక్క. తండాలో బతికే కుటుంబం సగటు కొనదు. అది కొత్తిమీర కట్ట, అగ్గిపెట్టె, ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ కొంటుంది.

అగ్గిపెట్టెనే చూడండి. 2007లో అర్ధరూపాయి నుంచి రూపాయి అయింది. పద్నాలుగేళ్లు అక్కడే నిలిచి, 2021 డిసెంబరు 1న ఒక్కసారిగా రెండు రూపాయలైంది. ముడిసరుకుల ధరలు పెరిగాయని శివకాశి తయారీదారులు చెప్పారు, అది నిజం. పుల్లలు 36 నుంచి 50కి పెంచారు, అదీ నిజం. పుల్ల లెక్కన చూస్తే పెంపు 44 శాతమే. కానీ పొయ్యి వెలిగించుకోవడానికి ఒక్క పెట్టె కొనే మనిషి జేబులోంచి పోయింది నూరు శాతం ఎక్కువ. రూపాయిన్నరకు అమ్మే మార్గం లేదు, ఎందుకంటే అర్ధరూపాయి అప్పటికే వీధిలో చచ్చిపోయింది. మెట్టు పెద్దదైతే చిన్న కాళ్లవాళ్లే తడబడతారు.

ఎక్కడానికి పెద్ద మెట్టు ఉన్న ఈ ధరలకు దిగడానికి మెట్టే లేదని 2025 సెప్టెంబరు 22 రుజువు చేసింది. ఆ రోజు నుంచి బిస్కెట్లు, షాంపూలు, సబ్బుల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. లెక్క ప్రకారం ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ 4 రూపాయల 45 పైసలు కావాలి. రూపాయి షాంపూ ప్యాకెట్ 89 పైసలు కావాలి. ఇలాంటి ధరలు కొన్ని ప్యాకెట్ల మీద అచ్చయ్యాయి కూడా. మరి ఆ 55 పైసలు జనగామ బస్టాండు దగ్గర కొన్న పిల్లవాడికి ఎవరు తిరిగి ఇచ్చారు? ఏ నాణెంతో ఇచ్చారు? ఢిల్లీలో తగ్గించిన పన్ను నగదుతో కొనే పేదవాడి చేతికి దిగే దారిలో నాణెం లేక నడిమధ్యలో ఆగిపోయింది. బరువు పెంచి సరిచేస్తామన్న కంపెనీల మాటను జనం నమ్మాల్సిందే తప్ప, పల్లె దుకాణంలో గ్రాములు తూచి చూసుకునే వీలు ఎవరికుంది? పన్ను తగ్గింపు ఫలం చివరి మనిషికి చేరాలంటే చివరి నాణెం ఉండాలి. అది లేకుండా ప్రకటించిన తగ్గింపు సగం తగ్గింపే.

మన చట్టాలు ఈ విషయంలో ఒకప్పుడు కొనేవాడి పక్షాన నిలిచాయి. 2011లో కేంద్రం తెచ్చిన ప్యాకేజీ సరుకుల నియమాల్లో గరిష్ఠ చిల్లర ధర అచ్చువేసే పద్ధతి రాశారు. యాభై పైసల కంటే తక్కువ తేలితే దాన్ని వదిలేసి కింది రూపాయి దగ్గర ఆపాలి. యాభై దాటి తొంభై ఐదు పైసల దాకా తేలితే యాభై దగ్గరే ఆపాలి. అంటే సర్దుబాటు కిందికే జరగాలన్నది ఆ నియమం ఆత్మ. కంపెనీ అచ్చువేసే ధరకు పెట్టిన ఆ నీతి, దుకాణం బల్ల మీద చేతులు మారే డబ్బుకు ఎందుకు వర్తించకూడదు?

ఆర్టీసీ విషయంలో ఒప్పును ఒప్పుగా చెప్పాలి. 2022 మార్చిలో పల్లె వెలుగు బస్సుల్లో చిల్లర తిప్పలు తగ్గించేందుకు సంస్థ టికెట్లను సర్దింది. 12 రూపాయలున్న చోట 10 చేసింది, 13, 14 ఉన్న చోట 15 చేసింది. కొంత తగ్గించి కొంత పెంచి, చేసిందేదో బహిరంగంగా చెప్పింది. దుకాణాలు చెప్పకుండా చేసేదానికంటే ఇది వెయ్యి రెట్లు నయం. కానీ చిల్లర అవసరం దాంతో తీరిపోలేదు. టికెట్ వెనక బాకీ రాసి 'దిగేటప్పుడు తీసుకో' అనడం జనగామ, తొర్రూరు, మహబూబాబాద్, భూపాలపల్లి డిపోల బస్సులెక్కే ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతే. దిగే తొందరలో మరచిపోయిన బాకీ ఎవరిది? 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది, మంచిదే. అయితే బస్సులో సగం జీరో టికెట్లయ్యాక కండక్టరు సంచిలోకి ప్రయాణికుల నుంచి వచ్చే చిల్లర కూడా ఆ మేరకు తగ్గుతుంది. మిగిలినవాళ్లంతా వందలు, రెండు వందలు చాపితే ఆ మనిషి మాత్రం ఏం చేస్తాడు? కండక్టరుకు, ప్రయాణికుడికి మధ్య రోజూ జరిగే గొడవలో తప్పు ఆ ఇద్దరిదీ కాదు. పొద్దున డిపో గేటు దాటేటప్పుడు కండక్టరు చేతికి చాలినంత చిల్లర ఇవ్వని పద్ధతిది.

నాణేలు నిజంగా లేవా? ఉన్నాయి. దేశంలో చలామణిలో ఉన్నట్టు రిజర్వు బ్యాంకు లెక్క చూపే నాణేల్లో పదింట ఎనిమిది 1, 2, 5 రూపాయలవే. నాణేలు ముద్రించే టంకశాలలు దేశంలో నాలుగుంటే అందులో ఒకటి చర్లపల్లిలో ఉంది. సైఫాబాద్‌లో 1903లో మొదలైన హైదరాబాద్ టంకశాలకు వారసురాలు అది. ముద్రించిన సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉన్న నాణెం అక్కడిదే. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వెళ్లే రైలు దారి చర్లపల్లి మీదుగానే పోతుంది, దారిలో జనగామ వస్తుంది. అదే దారి కాజీపేట దాటి మహబూబాబాద్ చేరుతుంది. రైలుకు దొరికిన దారి నాణేనికి దొరకడం లేదంటే ఎవరో ఒకరు సమాధానం చెప్పాలి. 2018లో సమాచార హక్కు కింద వచ్చిన జవాబు ప్రకారం రూపాయి నాణెం ముద్రించడానికి రూపాయి 11 పైసలు ఖర్చయింది. ప్రజల సొమ్ముతో, అసలు విలువ కంటే ఎక్కువ పెట్టి చేయించిన నాణెం ఇనప్పెట్టెల్లో, సంచుల్లో పడి ఉంటే ఆ ఖర్చు రెండుసార్లు వృథా అయినట్టు.

నాణెం ఎక్కడ ఇరుక్కుంటోందో అందరికీ తెలుసు. కొంత ఇళ్లలో డిబ్బీల్లో ఉంది. కొంత కురవి వీరభద్రుడి హుండీలో, కాళేశ్వర ముక్తీశ్వరుడి హుండీలో పడుతుంది. 2025 మే 15 నుంచి 26 దాకా కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. అలాంటి వేళల్లో భక్తులు నీటిలో వేసే బిళ్లలు మళ్లీ అంగడికి రావు. లోహం కోసం నాణేలు కరిగించే నేరగాళ్లూ ఉన్నారు. 2007 ప్రాంతంలో కోల్‌కతా వైపు నుంచి చిన్న నాణేలు సరిహద్దు దాటి బ్లేడ్లుగా మారుతున్నాయని బయటపడింది. నాణేలు కరిగిస్తే ఏడేళ్ల దాకా జైలు అని చట్టం చెబుతోంది. కానీ కరువుకు అసలు మూలం వీటన్నిటికంటే మామూలు చోట ఉంది. అది బ్యాంకు కౌంటరు.

నాణేలు తీసుకోను అనే హక్కు ఏ బ్యాంకు శాఖకూ లేదు. రిజర్వు బ్యాంకు 2019 జూన్ 26న ఈ మాట మరోసారి గట్టిగా చెప్పింది. నాణేలు ప్రజలకు పంచినందుకు బ్యాంకులకు సంచికి 25 రూపాయలిచ్చే ప్రోత్సాహకాన్ని 2021 సెప్టెంబరు 1 నుంచి 65కు పెంచింది. పల్లెల్లో, చిన్న పట్నాల్లో పంచితే సంచికి మరో పది రూపాయలు అదనంగా ఇస్తానంది. ఇంత చేసినా మన ఊళ్లో దుకాణదారు సంచెడు చిల్లర పట్టుకుని వెళ్తే 'లెక్కపెట్టేవాళ్లు లేరు' అన్న జవాబే వినిపిస్తోంది. చిల్లర కావాలని వెళ్తే 'స్టాకు లేదు' అంటున్నారు. కమీషన్ ఇచ్చి చిల్లర కొనుక్కునే దుస్థితి చిన్న వ్యాపారికి వచ్చింది. వంద రూపాయల చిల్లరకు పై ఖర్చు పెట్టినవాడు ఆ ఖర్చును సరుకు మీదే వేస్తాడు. తుదకు మోసేది కొనేవాళ్లే. కనుక వీధి చివర కిరాణం నడిపే మనిషిని ఒక్కణ్నే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. అతను చాలాసార్లు ఈ గొలుసులో రెండో బాధితుడు.

రిజర్వు బ్యాంకు చూపు నగరాల దగ్గరే ఆగిపోతోంది. ఫోన్‌తో స్కాన్ చేస్తే నాణేలిచ్చే యంత్రాలను 12 నగరాల్లో 19 చోట్ల పెట్టి చూస్తామని 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది. అంగడి సంతల జిల్లాలకు ఆ యంత్రం రాలేదు. ఎక్కువ ఏటీఎంలలో 100 లేదా 200 నోట్లు ఉండేలా చూడాలని 2025 ఏప్రిల్‌లో బ్యాంకులను ఆదేశించింది. మంచి ఆదేశమే, కానీ అదీ నూరు దగ్గరే ఆగింది. ఉపాధి హామీ కూలి 2025–26లో తెలంగాణలో రోజుకు 307 రూపాయలు ఉండేది. ఆరు రోజులకు 1,842. ఏటీఎంలో 1,800 వస్తుంది, 42 ఖాతాలోనే ఉండిపోతుంది. ప్రభుత్వం ఏడు రూపాయల దాకా లెక్కగట్టి కూలి నిర్ణయిస్తుంది. ఆ ఏడు రూపాయలు చేతితో పట్టుకునే ఏర్పాటు మాత్రం చేయదు.

ఫోన్‌పే, గూగుల్ పే వచ్చాక చిల్లర గోల ఎందుకని అడిగేవాళ్లున్నారు. వాళ్లకు రెండు మాటలు. మొదటిది, ఫోన్‌తో పైసలతో సహా కట్టొచ్చు కనుకనే అక్కడ 47ను 50 చేయడానికి ఏ సాకూ లేదు. అయినా చిల్లర లేని రోజుల్లో ఐదుకు, పదికి ఎక్కిన ధర ఫోన్ వచ్చాక కిందికి దిగలేదు. చిల్లర లేదన్న సాకుతో పెరిగింది, సాకు పోయినా పెరిగినట్టే ఉంది. రెండోది, నగదుగా పింఛను తీసుకునే అవ్వకు, సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన గూడేనికి, బడి నుంచి వస్తూ పల్లీపట్టీ కొనుక్కునే పిల్లకు నాణెమే ఆధారం. ఫోన్ ఉన్నవాడు సరిగ్గా కట్టగలిగి, ఫోన్ లేనివాడు ప్రతిసారీ రెండు రూపాయలు ఎక్కువ కట్టే అంగడిలో పేదరికానికే జరిమానా పడుతోంది.

జనానికీ కొంత నిష్ఠూరం చెప్పక తప్పదు. పది రూపాయల నాణెం చెల్లదన్న పుకారును నమ్మి దాన్ని వీధుల నుంచి తరిమింది మనమే. పది నాణెం 14 రకాల డిజైన్లలో వచ్చిందని, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరి 17న స్పష్టంగా ప్రకటించింది. అనుమానం తీర్చడానికి 14440 అనే ఉచిత ఫోన్ నంబరూ ఇచ్చింది. రూపాయి గుర్తు ఉన్నా లేకున్నా, గీతలు పదైనా పదిహేనైనా అది అసలు నాణెమే. అయినా ఇచ్చినవాణ్ని మోసగాణ్ని చూసినట్టు చూస్తున్నాం. చెల్లే నాణేన్ని చెల్లదని తిప్పికొట్టిన ప్రతి చేయీ ఈ కరువులో భాగస్వామి. ఆటో డ్రైవరైనా, హోటల్ యజమానైనా, కొనడానికి వచ్చినవాళ్లైనా ఈ తప్పు దిద్దుకోవడానికి ప్రభుత్వం దాకా పోనక్కర్లేదు.

లోకం ఈ చిక్కును మనకంటే ముందే చూసింది. ఇటలీలో 1970లలో చిల్లర ఎంతగా ఎండిపోయిందంటే బ్యాంకులు చిన్నచిన్న చెక్కులు అచ్చేసి పంచాయి, దుకాణాలు మిఠాయిలు, టెలిఫోన్ బిళ్లలు చిల్లరగా ఇచ్చాయి. ప్రజలు ఇబ్బందిపడ్డారు, చివరికి నాణేలు పెంచితేనే ఆ గొడవ తీరింది. కెనడా 2013లో ఒక సెంటు నాణెం పంచడం ఆపినప్పుడు ముందే సూత్రం చెప్పింది. మొత్తం బిల్లు మీదే సర్దుబాటు చేయాలి, నగదుకే చేయాలి. ఒకటి, రెండు సెంట్లు మిగిలితే కిందికి దించాలి, మూడు, నాలుగు మిగిలితే ఐదుకు ఎక్కించాలి. కార్డుతో కడితే సెంటుతో సహా అసలు మొత్తమే. నాణెం పోయినా న్యాయం పోకుండా చూడవచ్చని దీనివల్ల తేలుతోంది. నాణేన్ని తీసేయడమో ఉంచడమో ప్రభుత్వం ఇష్టం. తీసేసిన చోట సూత్రం పెట్టకపోవడం, ఉంచిన చోట సరఫరా చేయకపోవడం మాత్రం క్షమించరాని తప్పు. మనకు ఆ రెండూ జరిగాయి.

కనుక ఏం చేయాలో కూడా చెబుతున్నాం. మొదటగా, పింఛను సంగతి. మూడు జిల్లాల కలెక్టర్లు పింఛను పంచే ప్రతి చోటుకూ అవసరమైనన్ని పదుల నోట్లు, ఐదు, రూపాయి నాణేలు ముందురోజే చేరేలా చూడాలి. పదహారు మందికి పదహారేసి ఇవ్వడానికి 256 రూపాయల చిల్లర చాలు. ఇది చేతకాని పని అని ఎవరూ అనలేరు. ఇన్నాళ్లూ చిల్లర లేదని ఆపిన మొత్తం ఎంతో లెక్క తేల్చి, పింఛనుదారులకు చెల్లించాలి.

రెండోది, జిల్లా బ్యాంకర్ల సమావేశాలు. కలెక్టరు అధ్యక్షతన జరిగే ప్రతి సమావేశంలో ఏ బ్యాంకు శాఖ ఎన్ని సంచుల నాణేలు పంచిందో, ఎన్ని తీసుకుందో లెక్క పెట్టాలి, ఆ లెక్కను ప్రజల ముందు ఉంచాలి. రుణాల లక్ష్యాలకు ఇచ్చే శ్రద్ధలో పదో వంతు చాలు. అంగడి జరిగే రోజున లీడ్ బ్యాంకు అక్కడే బల్ల వేసుకుని నాణేలు మార్చాలి. ఆలయాల హుండీ నాణేలు లెక్క తేలిన వారంలోనే ఆ ఊరి దుకాణాలకు చేరే ఏర్పాటు దేవాదాయ శాఖ, బ్యాంకులు కలిసి చేయాలి.

మూడోది, ఆర్టీసీ. ప్రతి కండక్టరుకు డ్యూటీ ఎక్కేటప్పుడు తగినంత చిల్లర ఇవ్వాలి. అయినా చిల్లర లేకపోతే టికెట్ కిందికి సర్దాలి, ఆ నష్టం సంస్థ భరించాలి. నాలుగోది, దుకాణాలు. తూనికలు కొలతల శాఖ అధికారులు తక్కెడతో పాటు గల్లాపెట్టెనూ చూడాలి. చిల్లరకు బదులు చాక్లెట్ అంటగట్టడాన్ని నేరుగా నిషేధించాలి. నగదు బిల్లులో చిల్లర దొరకకపోతే సర్దుబాటు కిందికే జరగాలన్న సూత్రాన్ని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించాలి. ఫోన్ చెల్లింపులో రూపాయి కూడా సర్దరాదు. సర్దుబాటు నష్టం అమ్మేవాడిదైన రోజు, చిల్లర వెతికి తెచ్చే బాధ్యతా అతనిదే అవుతుంది. బ్యాంకును నిలదీసేవాడూ అతనే అవుతాడు. ఇప్పుడు చిల్లర లేకపోవడం వల్ల లాభపడేవాళ్లే చిల్లర సమకూర్చాల్సిన స్థానంలో ఉన్నారు. అందుకే ఈ కరువు తీరడం లేదు.

ఇదంతా చిల్లర విషయం అనిపిస్తే ఒక్క సంగతి గుర్తు చేస్తున్నాం. ఈ నేలను ఏలిన కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్దంలో మోటుపల్లి రేవులో వర్తకుల కోసం అభయ శాసనం వేయించాడు. అందులో సుంకాలను సుమారుగా చెప్పలేదు. ఏ సరుకుకు ఎంత సుంకమో పణం అనే నాణెంలో పావు వంతు దాకా లెక్కగట్టి రాతి మీద చెక్కించాడు. భిన్నాన్ని వదిలేస్తే అధికారి చేయి ఎటు సాగుతుందో ఆనాటి పాలకుడికి తెలుసు. పావు పణాన్ని రాతికెక్కించిన రాజు ఏలిన నేల మీద, పదహారు రూపాయలు గాలికి పోతున్నాయి.

2025–26లో తెలంగాణ బడ్జెట్ 3,04,965 కోట్ల రూపాయలు. ఆ పెద్ద అంకె మీద నమ్మకం కుదరాలంటే చిన్న అంకె సరిగ్గా చేతికి రావాలి. పల్లెలో ప్రభుత్వం మాట నిలబెట్టుకుందో లేదో చూసేది శాసనసభ లెక్కల్లో కాదు, పింఛను రోజున చేతిలో పడ్డ డబ్బులో. రెండు వేల రూపాయల పైన ఒక పది నోటు, ఒక ఐదు బిళ్ల, ఒక రూపాయి బిళ్ల. ఈ మూడూ ఆ అవ్వ చేతిలో పడే దాకా ఈ బాకీ తీరినట్టు కాదు.